గట్టు మీది మచ్చ

హోలీకి ఇంకా ఆరు రోజులుందనగా వికారాబాద్‌లో మా ఇంటి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఒక రాయి దిగింది. గోనెసంచి చుట్టి, సుతిలితాడుతో కట్టిన రాయి. రాయి కావాలని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాటే ఆటో అతనితో అన్నాను.

"మీదేనట మేడం. తాండూరు నుంచి పంపిన్రు. గేటుకాడ పెట్టిపోనా?"

"గేటు దగ్గర పెడితే నేనెత్తుతానా? లోపలికి తెచ్చి పెట్టు."

అతను గేటు దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు. ఆటో నంబరు రాసి పెట్టుకున్నాను.

సంచి విప్పాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న నీలం తాండూరు బండ. అంచులు మిషన్‌తో కొత్తగా కోసినవి. పైన మొహం కనబడేంత పాలిష్. ఆ పాలిష్ నడుమ అన్నం పళ్ళెమంత గుండ్రటి తెల్ల మచ్చ, దాని పక్కనుంచి తోకలాగా కిందికి జారిన తెల్లటి చార. ఆ మచ్చను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. దాని గురించి పదకొండేళ్ళు మాటలు పడ్డాను.

తాండూరులో నేను అద్దెకున్న ఇంటామె పోయి ఏడాదిన్నర అయింది. పోయాక కూడా నా తప్పును కోయించి, సంచిలో కట్టించి, ఆటో ఎక్కించి నా గుమ్మానికి పంపించిందన్నమాట. నిజానికి అది నా తప్పు కాదు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే ఇన్నేళ్ళుగా ఒక్కరూ నమ్మలేదు.

పెద్దేముల్ బడికి బదిలీ అయినప్పుడు తాండూరులో ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. సామాను దింపుతుంటే వచ్చి నిలబడింది. నా మొహం చూడలేదు. నీళ్ళు కావాలా అని అడగలేదు. నా ఇనుప పెట్టె వైపు చూసి, "ఈడ్వకు. ఎత్తి పెట్టు. బండకు గీతలు పడ్తయి," అన్నది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మాట అది. నాకంటే బండకు ఎక్కువ మర్యాద జరిగిందని ఆ రోజే అర్థమైంది.

వాళ్ళది పాలిష్ యూనిట్. ఊరి చివర షెడ్డు. భర్త పొద్దున తెల్ల చొక్కాతో వెళ్ళి, సాయంత్రానికి బూడిదరంగు చొక్కాతో తిరిగి వచ్చేవాడు. ఆమె పుట్టినిల్లు సేడం వైపు, కన్నడ దేశంలో, అక్కడా తండ్రికి రాతి గనే. "పుట్టినింట్ల రాయి, మెట్టినింట్ల రాయి. రాయి సంగతి నాకు ఇంకొకరు జెప్పాల్నా?" అనేది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడికి పోయినా అరచేయి బోర్లించి రాయిని నిమిరేది. బ్యాంకులో కౌంటరు, బస్టాండులో కూర్చునే బల్ల, పెళ్ళిళ్ళకు పోతే ఫంక్షన్ హాలు మెట్లు. కళ్ళు మూసుకుని ఒకసారి నిమిరి, చేయి చీర కొంగుకు తుడుచుకుని, "ఒక చెయ్యి తక్కువ పడ్డది," అనేది. అంటే పాలిష్ ఇంకొక్కసారి పట్టాల్సింది అని. నేను కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వచ్చి, సత్యనారాయణ వ్రతం జరుగుతుండగా, పంతులు పక్కనే నేల నిమిరి ఆ మాటే అన్నది. చుట్టాలందరూ విన్నారు. మా ఆడపడుచు ఇప్పటికీ అడుగుతుంది, ఒక చెయ్యి తక్కువ పడ్డ ఇల్లు ఎట్లుంది అని.

క్షమించమనే మాట ఆమె నోట్లో లేదు. ఎవరినైనా నొప్పిస్తే పది నిమిషాలాగి వచ్చి, "తిన్నవా?" అని అడిగేది. నేను తిన్నానన్నా పెట్టేది. నేను వాదనకు దిగితే మాత్రం కన్నడంలో "సుమ్నిరు" అనేది. ఊరుకో అని. గొడవ అంతటితో అయిపోయిందని ఆమె లెక్క. నా లెక్క వేరు.

ఇక మచ్చ సంగతి.

ఆ ఏడు మా బడిలో పొయ్యి లేని వంటల పోటీ పెట్టారు. పిల్లలు నిప్పు ముట్టకుండా ఏదైనా చేసి తేవాలి. అటుకులు, మొలకలు, నిమ్మకాయ నీళ్ళు చాలా వచ్చాయి. ఐదో తరగతి పాప ఒకతి మాత్రం గిన్నెలో గట్టి పెరుగు, చక్కెర కలిపి, పక్కన పండ్లు పెట్టి తెచ్చింది. పండును పుల్లకు గుచ్చి, పెరుగులో ముంచి తినాలట. ఫోనులో చూసి నేర్చుకున్నానన్నది. నాకు చాలా నచ్చింది. మొదటి బహుమతి ఇవ్వాలన్నాను. హెడ్‌మాస్టరు మొలకలకు ఇచ్చాడు. అది వేరే ఫిర్యాదు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. హోలీ వస్తోంది కదా అక్కా, అందరం రంగులాడి అలిసిపోయి వస్తాం, ఇది చేద్దాం అన్నాను.

"పొయ్యి ముట్టియ్యకుంట జేసేది పండుగ వంటెట్లయితది?" అన్నది. "నూనె చుర్రుమనాలె. గప్పుడే పండుగొచ్చిందని పక్కింటోళ్ళకు ఎరుకయితది."

"చల్లగా ఉంటది అక్కా. పిల్లలు తింటరు."

"దాని పేరేంది?"

ఆ పాప ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది. నాకు గుర్తు లేదు. ముంచుకుని తినేది అన్నాను.

"ముంచుడు," అన్నది ఆమె. ఆ రోజు నుంచి దాని పేరు అదే. పేరు కూడా తానే పెట్టినట్టు ఊరంతా చెప్పుకుంది. పెట్టింది ఆమే అనుకోండి, కానీ వంటకం నాది.

నా గదిలో ఫ్రిజ్ లేదు కాబట్టి ఆమె వంటింట్లోనే మొదలుపెట్టాం. హోలీ ముందు రోజు మధ్యాహ్నం. రెండు లీటర్ల బర్రె పెరుగును తెల్లటి పాత ధోవతి గుడ్డలో పోసి మూట కట్టాను. నీళ్ళన్నీ కారిపోవాలి, అప్పుడే గట్టి పడుతుంది. మా ఊర్లో అయితే దూలానికి వేలాడదీస్తాం. వాళ్ళింట్లో అన్నీ స్లాబులు, కొక్కెం లేదు. మూట చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చుక్కలు నా కాళ్ళ మీద పడుతున్నాయి.

ఆమె అప్పుడు బయటి గదిలో చక్కెర పేర్ల దండలు ఎంచుతోంది. హోలీకి పిల్లల మెడలో వేసే తీపి దండలు. ఆ దండల్లోవే నాలుగు పేర్లు దంచి ముంచుడులో వేయాలనేది ఆమె ఆలోచన, అది మాత్రం ఒప్పుకుంటాను. అక్కడి నుంచే కేకేసింది.

"గా వంటగట్టు మీద పెట్టు. కొత్త బండ, సల్లగుంటది. పైన ఇంకో బండముక్క బరువు పెట్టు."

పెట్టాను. సరిగ్గా ఆ మాటలే. మూట గట్టు మీద పెట్టి, దాని మీద పాలిష్ చేసిన బండముక్క పెట్టాను. పుల్లటి నీళ్ళు మూట కింది నుంచి చుట్టూ ఊరి, ఒక చారగా సింకు వైపు జారాయి. మేమిద్దరం పండ్ల కోసం బజారుకు పోయాం.

ఆ గట్టును వారం కిందటే ఆమె భర్త స్వయంగా పాలిష్ చేశాడు. పనివాళ్ళకు ఇవ్వలేదు. ఆదివారం షెడ్డు మూసి, ఒక్కడే కూర్చుని, భార్య వంటగట్టుకని చేసి తెచ్చి బిగించాడు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోతూ ఆగిపోయాడు. మూట పక్కకు జరిపాడు. దాని కింద మెరుపంతా పోయి, సున్నం వేసినట్టు తెల్లగా గుండ్రటి మచ్చ.

తాండూరులో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి నాకు ఆ క్షణం తెలిసింది. పులుపు పడితే ఆ రాయి పాలిష్ పోతుంది. నిమ్మకాయ చెక్క గట్టు మీద వదలరు. చింతపండు గిన్నె కింద పళ్ళెం పెడతారు. నేను మెదక్ వైపు దాన్ని, నాకెట్లా తెలుస్తుంది?

"ఎవలు పెట్టిన్రు గిది?" అన్నాడాయన. కోప్పడలేదు. మెల్లగానే అడిగాడు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె చెబుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మచ్చ వైపు చూసింది.

"టీచరమ్మ పెట్టింది," అన్నది.

ఆయన నా వైపు తిరిగి, "పోనీ తియ్యమ్మా, నీకు తెల్వది గదా," అన్నాడు. ఆ జాలి నాకు ఇప్పటికీ మండుతుంది. మర్యాదకు పోయి అప్పుడు నోరు మూసుకున్నాను. ఆ ఒక్క రోజు మూసుకున్నందుకు పదకొండేళ్ళు తెరిచినా లాభం లేకపోయింది.

తర్వాత ఆమెను ఒంటరిగా పట్టుకుని అడిగాను. "అక్కా, పెట్టమన్నది నువ్వే కదా?"

"పెట్టింది నువ్వే గద?"

"నువ్వు పెట్టమంటేనే పెట్టాను."

"నేను బావిల దుంకుమంటే దుంకుతవా? సుమ్నిరు." పది నిమిషాలాగి వచ్చింది. "తిన్నవా?"

మరుసటి రోజు ముంచుడు బ్రహ్మాండంగా కుదిరింది. అదే అసలు బాధ. పెరుగు వెన్నలా గట్టిపడింది. అందులో దంచిన చక్కెర పేర్లు, ఏలకులు, గిన్నె అంచున చారెడు మీగడ. రంగులాడి వచ్చిన వాడకట్టు ఆడవాళ్ళంతా వాకిట్లో కూర్చున్నారు. చేతులు గులాబీ, పచ్చ, నీలం. ఆ చేతులతో గిన్నె ముట్టనివ్వనని ఆమె నిలబడి, పండును పుల్లకు గుచ్చి, ముంచి, ఒక్కొక్కరి నోట్లో తానే పెట్టింది. అందరి నోట్లో పెట్టింది. చివరికి నా దగ్గరికి వచ్చేసరికి మంచి పండ్లన్నీ అయిపోయాయి, వాడిపోయిన రేగుపండు మిగిలింది. అదే పెట్టింది.

ఆ తర్వాత ప్రతి హోలీకి ముంచుడు. నేను వికారాబాద్‌కు బదిలీ అయ్యాక కూడా పొద్దున రైలెక్కి వెళ్ళేదాన్ని. అనంతగిరి దారిలో బండి మీద అమ్మే స్ట్రాబెర్రీలు తేవడం నా పని. ఎంత ఏరి తెచ్చినా డబ్బా మూత తీసి, "ఏంది, గివి తెల్లమొకం వెట్టినయి?" అనేది. మల్బరీ పండ్లు తెస్తే నా చీర మీద మరక చూపించి నవ్వేది. పుల్ల గుచ్చి నోట్లో పెట్టే వరసలో నేను ఎప్పుడూ చివరే. ఏ ఏడు ఏ పండు మిగిలిందో నాకు గుర్తుంది. ఒక ఏడు ద్రాక్ష. రెండేళ్ళు రేగుపండు. ఒకసారి పండే లేక, పుల్లతో వట్టి పెరుగు నాకించింది.

ఎవరు కొత్తగా వచ్చినా వంటింట్లోకి తీసుకుపోయి మచ్చ చూపించేది. "గిది మా టీచరమ్మ పెట్టిన బొట్టు. బడిల పిల్లలకు సదువు జెప్తది, రాయికి పులుపు పడదని తెల్వది." వాళ్ళు నవ్వేవాళ్ళు. పెట్టమన్నది ఈమేనని నేను చెబితే ఇంకా నవ్వేవాళ్ళు. "రాళ్ళింటి ఆడామె గట్ల పెట్టమంటదా?" అనేవాళ్ళు. అదీ నిజమే కదా అనిపించేలా ఉండేది వాదన. నా వైపు ఒక్క సాక్షి లేడు.

అసలు ఆ మచ్చ పోగొట్టడం అరగంట పని. ఆయన ఎన్నోసార్లు పాలిష్ పట్టే చెయ్యి మిషన్ తెస్తానన్నాడు. నేను స్వయంగా బతిమాలాను. "ఉండనీ," అనేది. "గుర్తుంటది." ఎవరికి గుర్తుండాలో చెప్పేది కాదు.

ఒక ఏడు నాకు నిజంగా రోషం వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన తన కోడలికి మొదటి రోజే మచ్చ చూపించి నా పేరు చెప్పిందని తెలిసింది. ఆ హోలీకి పోలేదు. ఆమె ఫోను చేస్తే నేను ఎత్తలేదు. హోలీ మరునాడు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే ఆమె. ఒక్కతే రైల్లో వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. లోపలికి వస్తూ గడప నిమిరి, "ఒక చెయ్యి తక్కువ పడ్డది," అన్నది. కూర్చోమనకముందే కూర్చుని డబ్బా తీసింది. ముంచుడు. ఇంకా చల్లగా ఉంది.

"నువ్వు రాకపాయె. స్ట్రాబెర్రీలు లేవు. తాండూరుల దొరికినయే తెచ్చిన," అని కొంగు ముడి విప్పింది. నల్లద్రాక్ష. నా వంటింట్లోంచి పుల్ల తానే వెతికి తెచ్చి, గుచ్చి, ముంచి, నోట్లో పెట్టింది. ఆ రోజు నేనే మొదటిదాన్ని. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి, అది లెక్కలోకి రాదు.

"అక్కా, ఇప్పుడన్నా ఒప్పుకో. పెట్టమన్నది నువ్వే," అన్నాను.

"వచ్చే ఏడు రా. వచ్చి అడుగు," అన్నది. "నువ్వు రాకుంటె గా మచ్చ చూపించి ఎవల పేరు జెప్పాలె నేను?"

వచ్చే ఏడు వెళ్ళాను. అడిగాను. సుమ్నిరు అన్నది.

ఆ తర్వాతి వానాకాలంలో పోయింది. రెండు రోజుల జ్వరం అన్నారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వంటింట్లో నీళ్ళు తాగబోతే గట్టు మీద మచ్చ కనబడింది. అప్పుడు కూడా ఎవరో, "గదే, టీచరమ్మ పెట్టింది," అన్నారు వెనక నుంచి. తర్వాత వచ్చిన హోలీకి ఆ ఇంట్లో రంగు ముట్టలేదు. నేనూ పోలేదు. స్ట్రాబెర్రీ బండి ముందు నుంచి నడిచి వెళ్ళాను, ఆగలేదు.

ఇప్పుడు ఈ రాయి. సంచి మడిచి పక్కన పెట్టి, ఆమె కోడలికి ఫోను చేశాను. గట్టిగానే అడిగాను. ఇది పంపడంలో మీ ఉద్దేశమేమిటి అన్నాను.

"కోపం జేయకుండ్రి మేడం," అన్నది కోడలు. "వంటింట్ల గ్రానైట్ వేస్తున్నం. బండలు తీసేటప్పుడు ఇది ఒక్కటి కోయించి మీకు పంపమని అత్తమ్మ అప్పట్లనే చెప్పింది. జ్వరం వచ్చిన నాడు."

"ఎందుకు? నా తప్పు నా ఇంట్లోనే ఉండాలనా?"

 ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ తప్పు గాదట మేడం. పెట్టమన్నది తనేనట. చక్కెర పేర్లు ఎంచుకుంట ఏదో పరాకుల అన్నదట. మామయ్య అంత ప్రేమతోని చేసిన బండ గదా, ఆయన ముందట నోరు రాలేదట. రాళ్ళింట్ల పుట్టి గింత తెల్వకపాయెనా అంటరని."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మరి టీచరమ్మకు చెప్పొచ్చు గద అత్తమ్మా అన్న నేను. వద్దన్నది. ఒప్పుకుంటె ఇగ కొట్లాడెతందుకు రాదు, మళ్ళ స్ట్రాబెర్రీలు ఎవలు తెస్తరు అన్నది." ఆగి, "మామయ్యకు తెల్వద్దన్నది మేడం. మీకు ఒక్కరికే," అన్నది.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ రాయి దగ్గర కూర్చున్నాను. పదకొండేళ్ళు నేను అడిగింది ఇదే. అడిగినప్పుడు ఇవ్వకుండా, కోడలి చేత, ఫోనులో, రహస్యంగా ఇప్పించింది. ఇట్లాంటి ఒప్పుకోలు ఎక్కడ చూపించుకోవాలి? పైగా స్ట్రాబెర్రీల కోసం నన్ను తిప్పిందట. తెల్లమొహం పెట్టినవని ప్రతి ఏడూ వంక పెట్టిన ఆ స్ట్రాబెర్రీలే.

హోలీ నాడు పొద్దున రెండు డబ్బాలు కొని రైలెక్కాను.

కోడలు ముంచుడు చేసింది. మూట కట్టి కొత్త గ్రానైట్ మీద పెట్టిందట. గ్రానైట్‌కు ఏమీ కాలేదు. వాకిట్లో అదే ఆడవాళ్ళు, అవే రంగు చేతులు. కోడలికి పుల్లతో నోట్లో పెట్టడం ఇంకా రాదు. గిన్నె మధ్యలో పెట్టి ఎవరి పుల్ల వాళ్ళకు ఇచ్చింది. అందుకని నాకు మొదట్లోనే స్ట్రాబెర్రీ దొరికింది. తీసుకున్నాను. పులుపు కాస్త ఎక్కువే.

ఆయన గడప దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. బాగా తగ్గిపోయాడు. షెడ్డుకు కొడుకే పోతున్నాడు. నా వైపు చూసి నవ్వాడు.

"రాయి ముట్టిందా టీచరమ్మా?"

"ముట్టిందన్నా."

"ఇన్నేండ్లు కొట్లాడుకున్నరు ఇద్దరు. ఇప్పుడు ఆమె లేదు గదా. ఇప్పుడన్న నిజం చెప్పు. నిజంగ ఆమెనే పెట్టమన్నదా?"

ఆడవాళ్ళు మాటలు ఆపారు. కోడలు గిన్నె పట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అంత సరిగ్గా ఎవరూ అడగలేదు. నా దగ్గర ఇప్పుడు సాక్షి కూడా ఉంది, మూడడుగుల దూరంలో.

"లేదన్నా," అన్నాను. "నేనే పెట్టిన. నాకు రాయి సంగతి తెల్వక."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. "నేను గప్పుడే అన్న. రాళ్ళింటి బిడ్డ. ఆమెకు తెల్వదా?" అన్నాడు, పక్కనున్నవాళ్ళకు వినబడేలా.

"ఆమెకు తెల్వంది లేదన్నా," అన్నాను.

కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. "తిన్నరా మేడం?" అన్నది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అచ్చులో ఉన్నదేదైనా వదలకుండా చదువుతాడు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయలేదు. తాండూరులో పాలిష్ యూనిట్ ఉన్న ఇళ్ళు ఎన్నో. ఇది ఏ ఇంటి గట్టో పోల్చుకోవడం కష్టం. మచ్చ ఉన్న రాయి మాత్రం మా వంటింట్లో, సింకు పక్కన వేయించాను. మేస్త్రీ దాన్ని తిరగేసి వేద్దామన్నాడు, వద్దన్నాను. చూసినవాళ్ళు ఎవరు చేశారిది అని అడుగుతారు, నన్నే అంటారు. అననీ.